మెడ దాకా నిండిన సీసా

1974 జూన్ మొదటి వారం. నాందేడ్‌లో స్టేషన్‌కు పోయే దారిలో ఉన్న ఒక పర్మిట్ రూమ్‌లో అప్పట్లో నేను కౌంటర్ చూసేవాణ్ణి. పర్మిట్ రూమ్ అంటే సర్కారు పర్మిట్ ఉన్నవాళ్ళు కూర్చుని తాగే చోటు. అంతకుముందు సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు బార్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. అక్కడి ముసలి బట్లర్ దగ్గర విస్కీ రుచి చూడటం నేర్చుకున్నాను. రుచి చూడటమంటే తాగడం కాదు. ఈ మాట మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

నేను సహజంగానే ఒకచోట స్థిమితంగా కూర్చునే మనిషిని కాను. ఆ వారం మరీ కుదురు లేకుండా పోయింది. రోజూ మబ్బు పట్టేది, ఉక్కపోసేది, నాలుగు చినుకులైనా రాల్చకుండా తేలిపోయేది. ఊళ్ళో అందరూ ఆకాశం కేసి చూస్తూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు.

ఒకరోజు ఇంకా బల్లలు తుడవకముందే మార్కెట్ యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉన్న సేటు ఒకాయన వచ్చాడు. ఆయన వెనక దెగ్లూర్ వైపు పల్లె నుంచి వచ్చిన ఆలుమగలు, గంగారాం, లచ్చవ్వ. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. పాత ధోవతి గుడ్డలో చుట్టిన సీసా ఒకటి ఆమె చేతుల్లో పసిబిడ్డలా ఉంది.

"ఇదర్ దేఖో భాయ్," అన్నాడు సేటు. "దీని మీద పన్నెండేండ్లు అని రాసుంది. వీళ్ళింట్ల ముప్పయ్యేండ్ల సంది ఉన్నదట. అంటే బయాలీస్ సాల్ కా మాల్! బొంబాయి సంది మా అల్లుడు వస్తుండు. వానికి అన్నీ తెలుసు. నక్లీ పోస్తే నా ఇజ్జత్ పోతది. నువ్వు రుచి చూసి అస్లీ అను, నా ఖేత్ల ఉన్న ఎద్దు గంగారాంకు ఇచ్చేస్త."

నేను గంగారాం వైపు చూశాను.

"ఎండకాలంల మా జోడెద్దుల ఒకటి సచ్చింది సారూ," అన్నాడతను. "ఒంటెద్దుతోని ఏం జేస్త? మిరుగం కార్తె అచ్చె. వాన వడితే విత్తాలె. ఇంట్ల అమ్మేటందుకు ఇంకేం లేదు."

నిజాం కాలంలో మాండవి అడవికి వేటకు వచ్చిన ఒక దొరకు గంగారాం తండ్రి దారి చూపించాడట. పోయేటప్పుడు ఆ దొర అప్పుడే సీలు తీసిన సీసాను అతని చేతిలో పెట్టి పోయాడు. అప్పటి నుంచి అది జొన్నలు నింపే గుమ్మి వెనక ఉంది.

సేటు లెక్క తప్పని ముందే చెప్పాను. విస్కీకి వయసు వచ్చేది కాస్క్‌లో, అంటే కొయ్య పీపాలో. సీసాలోకి వచ్చాక వయసు ఆగిపోతుంది. పైగా ఇది బ్లెండెడ్ విస్కీ, చాలా పీపాల సరుకు కలిపి చేసింది. అందులో అన్నిటికన్నా చిన్నదాని వయసే సీసా మీద రాస్తారు. సేటు ముఖం కొంచెం వాడింది. "సరే, బారా అంటే బారా. కానీ అస్లీ కావాలె," అన్నాడు.

గుడ్డ విప్పి వెలుగులో పెట్టాను. లేబుల్ నిజమైనదే. సీసా నిజమైనదే. కానీ ద్రవం మెడ దాకా నిండుగా ఉంది. నన్ను కలవరపెట్టింది అదే. సీలు తీసిన సీసా ముప్పై ఏళ్ళు ఊరికే ఉంటే బిరడా సందుల్లోంచి ఎంతో కొంత ఎగిరిపోతుంది. ఇది నిన్న నింపినట్టుంది.

సన్నమూతి గ్లాసులో కొద్దిగా పోసి తిప్పి, వాసన చూశాను. మా భాషలో దీన్ని నోసింగ్ అంటారు. నోరు కొంచెం తెరిచి పెట్టుకుని మెల్లగా పీల్చాలి. ముందు పొగ వాసన తగిలింది, వెనకే తేనె, ఎండుద్రాక్ష. ప్రాణం లేచి వచ్చింది. ఎద్దు వచ్చేసిందయ్యా అని మనసులో అనుకున్నాను. రెండు చుక్కల నీళ్ళు కలిపి మళ్ళీ చూశాను. అప్పుడు అడుగునుంచి ఇంకో వాసన పైకి వచ్చింది. మత్తుగా, బరువుగా, తడిసిన పూల వాసన. ఇప్పపువ్వు. అడవి పక్క ఊళ్ళో పుట్టినవాణ్ణి, అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుక మీద వేసుకుంటే సందేహం లేకుండా పోయింది.

నీళ్ళు తెస్తానని లోపలికి వెళ్ళి కాలు కాలిన పిల్లిలా తిరిగాను. అస్లీ అంటే వీళ్ళు సాయంత్రానికి ఎద్దును తోలుకుని పోతారు. బొంబాయి అల్లుడికి ఇప్పపువ్వు వాసన తెలుస్తుందా? బహుశా తెలియదు. తెలిస్తే నా నాలుకకు ఈ ఊళ్ళో ఇక విలువ లేదు. కాదంటే, మబ్బు నెత్తిమీద పెట్టుకుని వీళ్ళు ఉత్తచేతుల్తో బస్సెక్కాలి. నా మీద నాకే ఒళ్ళు మండింది.

తిరిగి వచ్చేసరికి సేటు బల్లమీద వేళ్ళతో కొడుతున్నాడు. "బోలో, అస్లీ యా నక్లీ?"

నేను నోరు తెరిచాను. ఈలోగా లచ్చవ్వ అందుకుంది.

"మంచిగనే ఉంటది సారూ. మేమెన్నడు తగ్గనియ్యలే."

"తగ్గనియ్యలే అంటే?"

"పోరలకు దగ్గస్తే ఛాతికి రాస్తం. బాలింతకు సలివెడితే మూతెడు ఇస్తం. ఎద్దుకు కడుపుబ్బితే తాపుతం. తీసినప్పుడల్ల గంతనే ఇప్పసార కలుపుత. మాండవిల మా అక్క పంపుతది. పెరుగుకు తోడుంచినట్లు. దాన్ని ఖాళీ కానియ్యద్దని మా అత్త చెప్పిపోయింది."

ఆమె ముఖంలో దాపరికం లేదు. ఇల్లు బాగా చూసుకున్న ఇల్లాలి గర్వం ఉంది. సేటు ముందు పకపకా నవ్వాడు, తర్వాత ఎర్రబడ్డాడు. "మా అల్లునికి ఎద్దుల దవా పొయ్యమంటవా?" అని చెప్పులు టపటపలాడిస్తూ వెళ్ళిపోయాడు.

గంగారాం పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

"అయితే ఇది మంచిది కాదా సారూ?" అని అడిగాడు.

"మంచిదే. నేను తాగిన చాలావాటి కన్న మంచిదే. కాని సీస మీద రాసింది ఇది కాదు. దీనికి ధర కట్టుడు నాకు రాదు."

వాళ్ళు మళ్ళీ గుడ్డ చుట్టుకుని బస్టాండ్ దారి పట్టారు.

రెండు రోజులకు వాన పడింది. ఊరంతా సంబరపడుతుంటే నాకు కాలు నిలవలేదు. పెగ్గులు ఒలకబోశాను, చిల్లర తప్పు ఇచ్చాను. సెలవు రోజు రాగానే సర్కారు ఎస్టీ బస్సెక్కి దెగ్లూర్‌లో దిగి, దారి అడుగుతూ వాళ్ళ చేను చేరాను. వెళ్ళి ఏం చేస్తానో నాకే తెలియదు.

గంగారాం విత్తుతున్నాడు. గొర్రుకు రెండు ఎడ్లున్నాయి. ఒకటి పెద్ద తెల్లది, ఒకటి పొట్టి ఎర్రది. జత కుదరక గొర్రు వంకరగా పోతోంది. నేల పదును ఆరిపోతుందన్న తొందరలో అతను ఆగకుండానే మాట్లాడాడు.

"తెల్లది పక్కచేను సాయన్నది సారూ. నిరుడు అది ఉబ్బి పడిపోతే మా ఆమె ఆ సీసలది తాపింది. గది యాది పెట్టుకొని, 'నా విత్తుడు అయినంక తోలుకపో' అన్నడు. నిన్న మాపుకు ఇచ్చిండు. సగం చేను మిగిలింది. పదును ఉంటదో ఉండదో!"

అంతలో లచ్చవ్వ నీళ్ళ చెంబు తెచ్చింది. సీసా ఏమైందని అడిగాను.

"ఇంట్లనే ఉన్నది సారూ. మీరు తాగినంత మళ్ల పోసిన."

ఆ రోజు ఆమె ముందుగా మాట్లాడకపోయి ఉంటే సేటుకు నేను ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ ఆలోచన వస్తే ఈనాటికీ మనసు నిలవదు. నేర్చుకున్నది మాత్రం ఒకటి ఉంది. ఎవరైనా పాత సీసా తెస్తే ముందు మెడ దగ్గర చూస్తాను. తగ్గి ఉంటే నిశ్చింతగా గ్లాసు తీస్తాను. నిండుగా ఉంటే మాత్రం మూత ముట్టను. ముందు ఆ ఇంటి ఆడవాళ్ళను పిలిపించి, ఇన్నేళ్ళూ దాన్ని ఎవరెవరికి పోశారో అడుగుతాను.