ముత్తక్క బడి, నా వీడియో

"నా బిడ్డను చదువుకు పంపిననా, చింతగింజలు తియ్య పంపిననా?"

"జర ఇను యశోదా. గది పని గాదు."

"మరేంది? నేను గట్ల గింజలు తీస్తనే పెరిగిన. నా బిడ్డ గూడ గదేనా?"

బాలబడి కిటికీ బయట నిలబడి ఈ గొడవ విన్నాను. లోపల చాప మీద ఆరుగురు పిల్లలు, మూడు నాలుగేళ్లవాళ్లు, రెండు వేళ్లతో చింతపండులోంచి గింజలు తీసి గిన్నెలో వేస్తున్నారు. ఫోను తీశాను.

మాది దమ్మపేట దాటాక అడవి అంచున కోయగూడెం. ఖమ్మంలో డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చి, ఊళ్లలో గొడవలు వీడియోలు తీసి పెడుతుంటాను. వేళ్లు అట్లా కుదిరితేనే పిల్లలు రేపు బలపం పట్టుకుంటారని టీచరు ముత్తక్క జవాబు చెప్పింది. ఆ ముక్క కోసేశాను. యశోద అరుపు, ఆ చిన్న చేతులు మాత్రం ఉంచి, పైన 'పసిపిల్లలతో వెట్టిచాకిరి' అని రాశాను. ఆ సాయంత్రం ఫోను మోగుతూనే ఉంటే మొనగాణ్ణనుకున్నాను.

మూడో రోజు బాలబడి నడిపే సంస్థవాళ్లు జీపులో వచ్చి ముత్తక్కను మాన్పించారు. మధిర నుంచి ఒకమ్మాయిని తెచ్చి పెట్టారు.

ముత్తక్క నాకు మేనత్త వరస. ఎనిమిది చదివింది. ఎండల్లో తునికాకు కోసింది, హాస్టల్లో వంట చేసింది. నలభై దాటాక భద్రాచలంలో నెల రోజులు మాంటిస్సోరి శిక్షణకు పోయి టీచరైంది. ఊరు ఆమెను 'టీచరమ్మా' అని పిలిచింది బాలబడిలో చేసిన ఆ రెండేళ్లే. అది నేను పోగొట్టాను.

వారానికి ఆమే కబురు పెట్టింది. తిట్టించుకోవడానికి సిద్ధపడి వెళ్లాను.

"రా అల్లుడా. కింద కూసుంటవా, పెద్ద విలేకరివి, కుర్చీ తేవాల్నా?"

కింద కూర్చున్నాను. శిక్షణలో ఇచ్చిన పుస్తకం చేతిలో పెట్టింది.

"చదువు. గట్టిగ."

గింజలు ఏరడం, నీళ్లు ఒలకకుండా వంపడం, గుడ్డ మడతపెట్టడం. చేత్తో చేసిన పనే ఈ వయసు బిడ్డకు చదువని అచ్చులో ఉంది. పక్కన పెన్సిలుతో ఆమె రాసుకుంది: 'మన దగ్గర చింతగింజలు.' అక్కడ చదవడం ఆపేశాను.

"ఏందిరా, డిగ్రీ దాక పోయినవ్, ఒక్క పేజీకే ఆయాసమా?"

పుస్తకం చివర, పిల్లలకు చదివి వినిపించాల్సిన కథల పట్టిక. ఒక్కో కథ పక్కన పిల్లల పేర్లు. ఎవరు ఏది మళ్లీ చదవమన్నారో రాసి పెట్టుకుంది. తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

"వీడియో తీసేస్త అత్తా. కోసిన ముక్క గూడ పెడత."

"పెట్టు. నిన్ను పిలిచింది దానికి గాదు. కొత్త టీచరు పిల్లకు మన కోయ మాట రాదంట. కథలు తెలుగుల చదువుకుంట పోతే పిల్లలు గోడలు చూస్తున్నరంట. నన్నైతే గడప తొక్కనియ్యరు. పదకొండు గంటలకు నువ్వు పో. ఒక్కో ముక్క చదువు, మన మాటల చెప్పు. జల్దీ చదవకు. యశోద బిడ్డను నీ కుడిపక్క కూసోబెట్టుకో, దానికి ఒక చెవి సరిగ ఇనబడదు."