ఖాజా పేరున ఉన్న మా వెబ్‌సైట్

గద్వాలలోని మా చీరల దుకాణం వెబ్‌సైట్ డొమైన్ గడువు ఇవాళ్టితో ముగుస్తుంది. ఈసారి వేరే కంపెనీకి మార్చి, నా పేరున పెట్టుకుందామనుకున్నాను. చిక్కంతా మా ఖాజాతోనే. అలంపూర్‌లో నెట్ సెంటర్ నడిపేవాడు. ఎవరికి సైటు చేసినా తన పేరున, తన ఫోన్ నంబరుతోనే రిజిస్టర్ చేసేసేవాడు. మొన్నటి వరదలో ఖాజా పోయాడు.

ఏం మార్చాలన్నా ఆ నంబరుకే ఫోన్ చేసి అడుగుతామన్నారు కంపెనీవాళ్ళు. పొద్దున్నే అలంపూర్ వెళ్ళాను. ఖాజా వాళ్ళమ్మ ఆ ఫోన్‌కు రోజూ చార్జింగ్ పెట్టి తలగడ పక్కనే ఉంచుకుంటోంది. అది మోగగానే నా చేతిలో పెట్టింది.

"నువ్వే ఖాజా అని చెప్పు బేటా. లేడంటే నంబర్ బంద్ జేస్తరు."

"ఖాజా గారేనా? ఎలా ఉన్నారు సార్?" అంది కంపెనీ అమ్మాయి.

"ఖాజానే. బాగున్నాను," అన్నాను. వాళ్ళమ్మ కళ్ళు మూసుకుంది.

"డొమైన్ వేరేవాళ్ళకు మార్చమంటారా, మీ పేరునే రెన్యూ చేయమంటారా?"

"నా పేరునే ఉంచండి."

మీ సైట్లు ఎవరి పేరున ఉన్నాయో మీరూ ఒకసారి చూసుకోండని రాసి ముగిద్దామనుకున్నాను. ఇంతలో నా ఫోన్ మోగింది. తెర మీద ఖాజా పేరు. ఎత్తాను.

"ఇంటికి చేరినవా, ఖాజా?" అంది వాళ్ళమ్మ.

"చేరిన అమ్మీ," అన్నాను.

ఇంకేమనాల్సింది? మీరే చెప్పండి.