జాలుకు ఇంగ్లీషు మాట

నిజామాబాద్ బస్టాండు ముందు చెరుకు రసం బండి పక్కన తడి పిప్పి కుప్ప వాసన తగిలితే చాలు, బోధన్ దగ్గరి మా ఊరూ, అరవైల చివర్లో నా చిన్నతనమూ కళ్ల ముందుకొస్తాయి. చలికాలమంతా గాలి నిండా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన, బారులు తీరిన చెరుకు బండ్లు, వాటి వెంట పరుగెత్తి గడలు గుంజుకుని పెదవులు కోసుకుపోయేదాకా నమిలే మేము, సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల సత్తుపిండిని పండుగ పోయి వారమైనా ఎక్కడో దాచి చిటికెడు చిటికెడు పంచే మా అవ్వ. అమ్మను మేము అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం.

మా చెరుకు చేను కాలువ కట్ట కింద ఉండేది. రెండేళ్లుగా దానికి జాలు పట్టింది. కట్ట తెగలేదు, ఎక్కడా నీళ్లు పారలేదు. అయినా భూమిలోంచి నీరు ఊరి, వేళ్లు కుళ్లి, చెరుకు మోకాలెత్తులోనే పసుపుబారేది. బాపు అర్జీ రాయించాడు. రాసినవాడు ‘కాలువ లీకవుతోంది’ అని పెట్టాడు. కాలువల ఆఫీసరు జీపులో వచ్చి, కట్ట మీదే అటూ ఇటూ నడిచి, “కన్నం ఎక్కడుందయ్యా? లీకే లేదు,” అని వెళ్లిపోయాడు. ఆ రోజు బాపు అన్నం ముట్టలేదు.

ఆ నెలలోనే, ఎనిమిదో తరగతిలో, ఇంగ్లీషు సారు బోర్డు మీద ‘సీప్’ అని రాశాడు. కన్నం లేకుండా, కంటికి తెలియకుండా, మెల్లమెల్లగా నీరు ఊరి బయటికి రావడం అని అర్థం చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను.

“మా సేన్ల జాలు వడ్తది సార్. గదేనా?”

తరగతంతా నవ్వింది. సారు నవ్వలేదు.

“గదే బిడ్డా. వాక్యం చెప్పు.”

కాలువే నీళ్లను సీప్ చేస్తోందని చెప్పాను. సారు తల అడ్డంగా ఊపాడు. లీకయ్యేది కాలువ కావచ్చు గానీ సీపయ్యేది నీళ్లే, వాటిని ఎవరూ సీప్ చేయరు అన్నాడు. ఇంటికెళ్లి నోట్‌బుక్కు కాగితం మీద, ఇంగ్లీషులో, అర్జీ నేనే రాశాను: కట్టకు కన్నం లేదు, నీళ్లు కట్ట అడుగునుంచి మా చేనులోకి సీపవుతున్నాయి.

ఆఫీసరు మళ్లీ వచ్చాడు. “ఇది ఎవరు రాశారు?” అన్నాడు. “నేనే,” అన్నాను. “ఆడపిల్లకెందుకీ పెత్తనం?” అని బాపు వైపు చూశాడు. బాపు తల దించుకున్నాడు. అవ్వ దించుకోలేదు.

“కట్ట మీద నిలవడి సూస్తె ఏం కనవడ్తది సారూ? సేన్లకు రాండ్రి.”

ఆయన దిగాడు, బూట్లు చీలమండల దాకా కూరుకున్నాయి. అవ్వ పార తీసుకుని జానెడు లోతు తవ్వింది. మేము చూస్తుండగానే, చప్పుడు లేకుండా, గుంట నిండింది. పది అడుగులు జరిగి మళ్లీ తవ్వింది. మళ్లీ నిండింది. ఐదో గుంట దగ్గర ఆయన, “చాలమ్మా,” అన్నాడు.

“సాలదు సారూ. నా బిడ్డ రాసిన మాటే మీ కాయితం మీద రాయుండ్రి.”

ఆయన రాశాడు. సీప్ అనే ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పడేదాకా నేను పక్కనే నిలబడి చూశాను. ఎండాకాలంలో ఆ ఊట నీరు పోయేలా కట్ట పొడుగునా మురుగు కాలువ తవ్వారు. మరుసటేడు చెరుకు నా నెత్తి దాటింది.

ఇప్పుడు అక్కడ చెరుకు లేదు. అవ్వా, బాపూ, సారూ లేరు. మురుగు కాలువ పూడ్చి సిమెంటు రోడ్డు వేశారు, చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతారు. నా పాలికొచ్చిన ఎకరానికి మళ్లీ జాలు పట్టింది, అందులో మాత్రం వరి వేయిస్తున్నాను. మొన్న కూడా కొనేవాళ్లు వచ్చి, “తడి భూమి అక్కా, దేనికి పనికొస్తది?” అన్నారు.

“నాకు పనికొస్తది,” అన్నాను.