సంతకం అవ్వ వీలునామా

ఆ రోజుల్లో నాకు నల్లకోటు మీదున్న మోజు చట్టం మీద ఉండేది కాదు. కోవూరులో ఒక పెద్ద లాయరు గారి దగ్గర జూనియరుగా చేరిన కొత్త. మే నెల ఎండలో కూడా ఆ కోటు విప్పకుండానే మా ఊరికి విడవలూరు బస్సెక్కేదాన్ని. (ఒకసారి కండక్టరు జాలిపడి "చలిజొరమా మేడం?" అని అడిగాడు.) నోరు తెరిస్తే "చట్టప్రకారం" అనేదాన్ని. "చట్టప్రకారం పులుసు చల్లారిపోతుండాది, వచ్చి తిను" అనేది మా అమ్మ.

మా వీధిలో సముద్రం వైపు చివరి ఇల్లు సంతకం అవ్వది. మొగుడు పోయాక, చేపల గంప మోస్తూనే వయోజనుల బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. మా పల్లె ఆడవాళ్ళలో మొదట సంతకం పెట్టింది ఆమే. పొదుపు సంఘంలో అవ్వ పెన్ను పట్టిందంటే మిగతావాళ్ళంతా మాటలాపి చూడాల్సిందే. అలాంటి మనిషికి జబ్బు చేసి చెయ్యి వణకడం మొదలైంది. చిన్నకొడుకు పోయినా, చిన్నకోడలే దగ్గరుండి అన్నం తినిపిస్తోంది. పెద్దకొడుకు మాత్రం వచ్చి, "అమ్మ తర్వాత ఈ ఇంట్లో నువ్వెవురు?" అని ఆ పిల్లను మొహం మీదే అడిగి వెళ్ళాడు. అందుకని ఇల్లు చిన్నకోడలికి రాసేయాలని అవ్వ పట్టుబట్టింది.

ఆ వీలునామా రాసింది మా మేనమామ. జిరాక్సు షాపు ఆయనది. ఫోనులో కాని పని లోకంలో లేదని ఆయన నమ్మకం. నాకు చూపిస్తే దిమ్మ తిరిగింది. అవ్వ పాత సంతకాన్ని ఫోటో తీసి, ప్రతి పేజీ కిందా అతికించేశాడు. ఆ పాత కాగితం మీద ఎప్పుడో పడిన చేపల పులుసు చుక్క కూడా ప్రతి సంతకం పక్కనా అదే చోట నిలబడి ఉంది. సాక్షుల సంతకాలు వాట్సాప్‌లో తెప్పించాడు. వాళ్ళు అప్పుడు పడవలో ఉన్నారట!

"ఇది చెల్లదు మామా."

"ఎందుకు చెల్లదమ్మే? కరెంటు బిల్లు, రైలు టికెట్టు, అన్నీ ఫోన్లోనే గదా! దీనికేం రోగం?"

"కంప్యూటరు సంతకం చెల్లే కాగితాలు వేరే ఉన్నాయి. వీలునామాకు కుదరదు. అవ్వ స్వయంగా పెట్టాలి. ఇద్దరు సాక్షులు చూసి, ఆమె ముందే వాళ్ళూ పెట్టాలి. లేకపోతే రేపు పెద్దకొడుకు ఆ పులుసు చుక్క చూపించే ఇల్లు లాగేసుకుంటాడు."

మామ మొహం వాడిపోయింది. ఇద్దరం అవ్వ దగ్గరికి వెళ్ళాం. ఉక్కపోతకు తట్టుకోలేక కోటు విప్పి, ఎండుచేపల దండెం మీద వేశాను. (మర్నాడు మా సీనియరు గారు కిటికీలన్నీ తెరిపించారు.) చట్టప్రకారం అంటూ మొదలుపెట్టి అంతా చెప్పాను. అవ్వ ఒప్పుకుంటే ఒట్టు.

"ఫోన్లో ఉండేది నా మంచి సంతకం. అదే ఉండనీ. ఇప్పుడు పెడితే తాగినోడు పెట్టినట్టుంటాది."

"పోనీ వేలిముద్ర వెయ్యి అవ్వా. అదీ చెల్లుతుంది."

అనకుండా ఉండాల్సింది. అవ్వ కళ్ళు ఎర్రబడ్డాయి. "గంప దించి అక్షరాలు దిద్దినా గదమ్మే! మళ్ళా వేలు ముంచమంటావా నన్ను?"

పొయ్యి దగ్గర నుంచి చిన్నకోడలు లేచి వచ్చింది. "వద్దులే అత్తా. ఇల్లు పోతే పోనీ. నిన్ను ఏడిపించే కాగితం నాకొద్దు" అంది.

అవ్వ ఆమె వైపు చూసింది. తర్వాత పెన్ను అడిగింది. మామ పరుగున వెళ్ళి, ఫోటో సంతకాలు లేని కొత్త కాగితం తీసి, పడవ దిగి వస్తున్న సాక్షులిద్దరినీ తీసుకొచ్చాడు. వాళ్ళు తువ్వాళ్ళతో చేతులు తుడుచుకుని నిలబడ్డారు. అందరం మాటలాపాం, సంఘంలో లాగే. అవ్వ ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంది. సంతకం గీత దాటి కిందికి జారిపోయింది. దాన్ని ఎగాదిగా చూసి, "ఇదెవురిదే?" అంది. మళ్ళీ తనే, "నాదేలే" అంది మెల్లగా. "ఇప్పటి నాది."

అవ్వ పోయాక పెద్దకొడుకు ఆ సంతకం తల్లిది కాదని కోర్టుకెక్కాడు. సాక్షులిద్దరూ బోనెక్కి, ఆమె పెడుతుంటే మా కళ్ళతో చూశామని, ఆమె ముందే మేమూ పెట్టామని చెప్పారు. చిన్నకోడలు ఈనాటికీ ఆ ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు కోర్టు కాగితాలు చాలావరకు కంప్యూటరులోనే దాఖలు చేస్తున్నాను. మామ చూస్తే మురిసిపోయేవాడు. చేత్తో సంతకం పెట్టి ఎన్నాళ్ళయిందో. మొన్న బ్యాంకులో ఒక చిన్నమ్మాయి నా సంతకం కలవడం లేదని, మళ్ళీ పెట్టమంది. ఎంత ప్రయత్నించినా ఆ పాత వంపు రాలేదు. "ఇది మీదేనా మేడం?" అని అడిగింది పాపం, అనుమానంగా.

చట్టప్రకారం చెప్పాల్సింది చాలా ఉంది. కానీ నా నోటికి అవ్వ మాటే వచ్చింది.

"నాదేనమ్మా. ఇప్పటి నాది."