పడమటి గోడ

నాందేడ్‌లో దిగంబర్ మేస్త్రీ కట్టిన గోడకు వంక పెట్టినవాడు లేడు. తాపీ పిడితో ప్రతి ఇటుకనూ రెండుసార్లు తట్టి చూస్తేగాని ఇంకోదాన్ని ముట్టడు. అది ఆయన పనితనమని అందరూ మెచ్చుకుంటారు. పనితనమూ కాదు, పాడూ కాదు, భయం. ఇరవై ఏళ్ల వయసులో ఉమ్రిలో ఆయన లేపిన గోడ వానకు కూలి, పని నేర్పిన వెంకట్రాములు మేస్త్రీ కాలు నుజ్జయింది. తప్పెవరిదో తేలలేదు. దిగంబర్ మాత్రం ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడు వింటూనే ఉన్నాడు. సంగతి తెలిసింది ఒక్క భార్య ద్రౌపదికే. ఆమె కూడా ఆయన దగ్గరే ఇటుకలు మోస్తుంది.

అలాంటి మనిషికి రూపాలి టీచరు ఇల్లు తగిలింది. నిరుడు రేకుల ఇంట్లో ఆమె తల్లి జనాబాయికి వడదెబ్బ తగిలి చావు తప్పింది. కొత్త ఇల్లు కూలరు లేకుండానే చల్లగా ఉండాలని టీచరు పట్టు. ఇంజినీరు కాగితం మీద గీసిచ్చాడు. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరసల మధ్య ఖాళీ వదలాలి. ఆ ఖాళీ ఎండ వేడిని లోపలికి రానివ్వదట.

“నడుమల ఏముంటది టీచరమ్మా?” అడిగాడు దిగంబర్.

“ఏముండది కాకా. గాలే.”

గాలి మీద స్లాబు. గీసినట్టు కడితే కూలుతుందేమో, కట్టనంటే పరువు పోతుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు భయమని ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఆ మాట కంటే ప్రాణం పోవడమే నయమనుకునే రకం మరి. సరేనన్నాడు.

మూడు గోడలు గీసినట్టే లేపాడు. రోజూ పొద్దున్నే వచ్చి, అవి నిలబడి ఉన్నాయని చూసుకున్నాకే ఊపిరి పీల్చుకునేవాడు. పడమటి గోడ మొదలుపెట్టగానే వాన పట్టుకుంది. ఉమ్రి గోడ చప్పుడు మళ్లీ వినిపించింది. కూలీలు అన్నానికి పోయినప్పుడు ఆ ఖాళీలో ఇటుక ముక్కలూ సిమెంటు మాలూ కూరేశాడు. గోడ పైకి లేచినన్నాళ్లూ అదే పని.

“గిదేందయ్యా, గాలి ఉండాల్నన్నరు గద?” అంది ద్రౌపది.

“నువ్వు చూడలే. గంతే.”

స్లాబు పడింది, గృహప్రవేశం అయింది. దిగంబర్‌కు ఒక భయం పోయి ఇంకొకటి పట్టుకుంది. ఫోను మోగితే చాలు, టీచరేమోనని చూసుకునేవాడు.

మే నెలలో మోగనే మోగింది.

“కాకా, జర అచ్చి చూడుండ్రి. ఇల్లంత సల్లగున్నది. మా అమ్మ పండుకునే అర్ర ఒక్కటే కుంపటి లెక్క ఉన్నది. రెండు దినాలసంది కండ్లు తిరుగుతున్నయంటున్నది.”

దిగంబర్ వెళ్లేసరికి జనాబాయి తడిగుడ్డ నెత్తిన వేసుకుని పడుకుని ఉంది. మంచం పడమటి గోడకే ఆనించి ఉంది. ఇల్లంతా తిరిగి మిగతా మూడు గోడల మీద అరచేయి పెట్టి చూశాడు. చల్లగా, గట్టిగా, నిక్షేపంగా ఉన్నాయి. పడమటి గోడ మీద పెట్టిన చేయి మాత్రం చటుక్కున తీసేశాడు.

“వేడి స్లాబు నుంచి అస్తుందేమో కాకా?” అంది రూపాలి.

ఊ అంటే చాలు, పేరు నిలబడుతుంది. ముసలమ్మ మాత్రం ఈ ఎండాకాలం దాటదు. ఉమ్రి గోడ కూలి ఒకరి కాలు తీసింది, ఈ గోడ కూలకుండానే ఇంకొకరి ప్రాణం తీయబోతోందని ఆయనకు అర్థమైంది.

“స్లాబు కాదు బిడ్డా. గీ గోడల నేను మాలు నింపిన. నాకు భయమైంది.”

ఆ మాట పరాయివాళ్ల ముందు అనడం ఆయన జన్మలో అదే మొదలు. రూపాలి ముఖం ఎర్రబడింది. తల్లి మంచం ఒక కొస పట్టుకుంది. దిగంబర్ రెండో కొస పట్టాడు. ఇద్దరూ దాన్ని ముందు గదిలోకి మార్చారు.

“బయట ఇంకో వరస లేపి నడుమ ఖాళీ ఇడుస్త. రేపే మొదలుపెడుత,” అన్నాడు.

జనాబాయి కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. “ఇప్పుడు భయం లేదా కొడుకా?”

“ఉన్నది అవ్వా. ఈసారి నింపను.”