ఖాళీ సిరంజి

టైర్ల గోడౌన్ కాపలావాణ్ణి అందరూ ఉగ్రం అనేవారు. చెయ్యి ముందు, మాట తర్వాత. ఎదురు మాట్లాడిన ఫోర్‌మన్ పళ్ళు రాలగొట్టాడు. అక్క మీద చెయ్యి చేసుకున్న బావని చొక్కా పట్టుకుని మెట్ల మీంచి కిందికి తోశాడు. అప్పట్నించీ అక్క గోడౌన్ వెనక గదిలో తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. అంత దుడుకు మనిషీ ఒక్క ప్రాణిని మాత్రం ఏనాడూ కొట్టలేదు. అది గోడౌన్ కుక్క, బండోడు.

బండోడికి జబ్బు ఉండేది. జబ్బని ఎవడనుకున్నాడు! ఉన్నట్టుండి తిండి మానేసేవాడు, కక్కుకునేవాడు, కాళ్ళు వణికి చతికిలబడేవాడు. మందుల షాపు కాంపౌండర్ ఓ సూది పొడిస్తే కాసేపటికి లేచి తోకాడించేవాడు. దాంతో ఉగ్రానికి గుట్టంతా తెలిసిపోయినట్టయింది. సూదికి భయపడి లేస్తున్నాడు, దొంగ వెధవ, అంతా నటన! ఇక అప్పట్నించీ ఓ ఖాళీ సిరంజి జేబులో వేసుకుని తిరిగేవాడు. బండోడు కూలబడితే తీసి చూపించి "లేవరా" అనేవాడు. ఒక్కోసారి లేచేవాడు కూడాను. తన తెలివికి తానే మురిసిపోయేవాడు మహానుభావుడు.

ఓ మధ్యాహ్నం కూలీలు భోజనాలకి వెళ్ళినప్పుడు ఇద్దరు దొంగలు లోపలికి జొరబడ్డారు. ఒకడి చేతిలో జాకీ రాడ్డు ఉంది.

"బండోడా, పట్టరా!"

బండోడు ఎగిరి వాడి తొడ పట్టాడు. పట్టినట్టే పట్టి బండోడు జారి నేలమీద కూలిపోయాడు. రాడ్డు ఉగ్రం మోచేతి మీద దిగింది. ఎముక ఫెళ్ళుమంది. రెండో దెబ్బకి చెవి చీలి నెత్తురు మెడ మీదికి కారింది. ఉగ్రం సిరంజి తీసి ఊపాడు. "లేవరా! లేవరా!" బండోడు కళ్ళు తెరిచి చూస్తున్నాడే గానీ లేవలేదు. దొంగలు ఉగ్రాన్ని కింద పడేసి, కడుపులో తన్ని, దొరికింది పట్టుకుపోయారు.

వాళ్ళు పోయాక ఉగ్రం బాగున్న చేత్తో కర్ర తీసుకున్నాడు. ఛీ, ఆ చెయ్యి పడిపోను! కదల్లేని ప్రాణిని అలా బాదుతారా ఎవరైనా? వీపు మీద, డొక్కలో, తల మీద. అరుపులు విని పరిగెత్తుకొచ్చిన అక్క కర్ర లాక్కునేసరికి బండోడి పక్కటెముక విరిగిపోయింది.

"చంపెయ్యండి డాక్టరమ్మా. తిండి పెట్టినవాణ్ణే ముంచాడు," అన్నాడు ఉగ్రం, అక్క బండోణ్ణి ఎత్తుకొచ్చిన పశువుల ఆసుపత్రిలో.

"ముందు నోరు మూసుకుని ఆ చేతికీ చెవికీ కట్టు కట్టించుకో," అందావిడ.

దెబ్బలకి కడుపులో నెత్తురు కారుతోందేమోనని స్కానింగ్ చేసింది. కారలేదు. కానీ ఆవిడ ఒక చోట ఆగిపోయింది. కిడ్నీల పక్కన ఉండే గ్రంథులు రెండూ ఎండి దారప్పోగుల్లా ఉన్నాయి. సెలైన్ ఎక్కిస్తూ రక్తం తీసింది. అవి పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి, ఆ గ్రంథుల్ని తట్టిలేపే మందు ఎక్కించి, కాసేపాగి మళ్ళీ తీసింది. ఆ తర్వాతే అసలు మందు, స్టెరాయిడ్ సూది, పడింది.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది.

"కష్టమొస్తే ఒంటిని నిలబెట్టే హార్మోను ఒకటుంటుందయ్యా. అది ఆ గ్రంథుల్లోంచే రావాలి. వీడికి చుక్క రావట్లేదు. మందులు రోజూ వేస్తే బతుకుతాడు."

"మరి కాంపౌండర్ సూది చూస్తే లేచేవాడు కదమ్మా! నేను ఖాళీ సిరంజి చూపించినా లేచేవాడు!"

"సూదిని చూసి కాదు. కాంపౌండర్ ఇచ్చింది ఈ స్టెరాయిడే అయ్యుంటుంది, అందుకే లేచేవాడు. ఖాళీ సూదికి లేచాడంటే, నువ్వు లెమ్మన్నావని లేచాడు."

ఉగ్రం గోడకేసి తిరిగి నిలబడ్డాడు. మళ్ళీ తమ్ముడికి చిక్కకుండా లాక్కున్న కర్ర ఇంకా అక్క చేతిలోనే ఉంది.

"నన్ను కొట్టక్కా."

"నోర్ముయ్."

"కొట్టక్కా! నీ కాళ్ళు పట్టుకుంటాను, కొట్టు!"

అక్క కొట్టింది. ఉత్తుత్తినే కాదు, ఏడుస్తూ, పళ్ళు కొరుకుతూ, చెయ్యెత్తి వీపు మీద వాయించింది. మళ్ళీ ఎత్తేసరికి మూల దుప్పటి మీంచి గుర్రుమని వినిపించింది. బండోడు లేచాడు. సెలైన్ గొట్టం ఈడ్చుకుంటూ, విరిగిన డొక్కతో వణుక్కుంటూ వచ్చి, ఉగ్రం మోకాళ్ళకి అడ్డంగా నిలబడి అక్క మీద పళ్ళు బయటపెట్టాడు.

ఉగ్రం కూలబడిపోయాడు. "వద్దురా నాన్నా," అన్నాడు వెక్కుతూ. "లేవకు. పడుకోరా, పడుకో."

అక్క కర్ర అవతల పారేసేదాకా బండోడు పడుకోలేదు.