నేరుగా ఎనిమిది వందల ఇరవై కిలోమీటర్లు

ఆ చిన్న విమానాశ్రయంలో విచారణ కౌంటర్ దగ్గర కూర్చునే ఆవిడను అందరూ గంటలక్క అనేవారు. ఏ ఊరికి ఎన్ని గంటలు పడుతుందో ఆవిడకు కంఠతా వచ్చు. పందొమ్మిదేళ్లుగా అదే పని, అదే కుర్చీ.

ఒక మధ్యాహ్నం ఒక తల్లి నాలుగేళ్ల పాపను భుజాన వేసుకుని వచ్చింది. పాప కంట్లో కణితి. దానికి వైద్యం దొరికేది దేశానికి అవతలి కొసన, ఇలాంటిదే మరో చిన్న ఊళ్లో.

“ఎంతసేపు పడుతుందక్కా?”

“పదకొండు గంటలమ్మా. రాజధానికి ఒక గంట, అక్కడ ఎనిమిది గంటలు పడిగాపులు, మళ్లీ రెండు గంటలు.”

“నేరుగా వెళ్తే?”

“ఎనిమిది వందల ఇరవై కిలోమీటర్లు. రెండు గంటలు కూడా పట్టదు. కానీ విమానమే లేదు.”

“అన్ని గంటలు దీన్ని ఆ ఇనుప కుర్చీల్లో ఎలా పడుకోబెట్టను?”

గంటలక్క రాజధాని విమానం వేళే ఒక చీటీ మీద రాసిచ్చింది.

మర్నాడే విమాన సంస్థ కార్యాలయానికి వెళ్లి, ఆ ఊరికి నేరుగా విమానం నడపమని అడిగింది. “ఆ దారిలో జనమెక్కడున్నారమ్మా? పోయినేడాది ఇక్కణ్ణుంచి ఆ ఊరిదాకా ఒకే టికెట్ కొన్నది ముప్ఫై ఒక్కరే” అన్నాడు అధికారి. అసలు కిటుకు గంటలక్కకు తెలుసు. చౌకగా వస్తుందని జనం రెండు టికెట్లు విడివిడిగా కొంటారు. కాగితాల మీద వాళ్ల ప్రయాణం రాజధానిలోనే ఆగిపోతుంది.

ఇక నడుం బిగించింది. వచ్చిన ప్రతి ఒక్కరినీ “రాజధాని నుంచి ఎక్కడికి?” అని అడగడం, ఆ ఊరి పేరు చెప్పినవాళ్ల ఫోన్ నంబరు ఒక పుస్తకంలో రాసుకోవడం.

“నీ పని చెప్పడం, అడగడం కాదు” అని పైఅధికారి కసిరాడు.

“అడిగితేనేగా సార్, సరిగ్గా చెప్పగలిగేది!”

లేత్ మిషను మీద ఇనుప సామాన్లు చెక్కే మొగుడు ఉడుక్కున్నాడు. “నేనెక్కడికి వెళ్తున్నానో ఒక్కసారైనా అడిగావా?”

“మీరు వెళ్లేది టీ బడ్డీకేగా. దానికి విచారణ దేనికి?”

పద్నాలుగు నెలల్లో ఆ ఊరికి వెళ్లేవాళ్లు నాలుగు వేల పన్నెండు మంది తేలారు. సంస్థ అధికారి మొదటిసారి ఆ పుస్తకం తెరవనే లేదు. రెండోసారి భోజనాల వేళదాకా నిలబెట్టి, రేపు రమ్మన్నాడు. మూడోసారి ఆవిడ కదలనంది. “నా లెక్క తప్పనుకుంటే మీ మనిషిని పదిరోజులు నా పక్కన కూర్చోబెట్టండి.”

వచ్చినావిడ నడివయసు ఉద్యోగిని. మొహం చిట్లించుకునే కూర్చుంది. పదిరోజుల్లో తొంభై ఏడుగురిని తనే లెక్కపెట్టి, ఆ లెక్క సరైనదేనని సంతకం చేసింది.

నేరుగా విమానాన్ని వారానికి రెండుసార్లు, మూడు నెలలపాటు నడిపి చూస్తామన్నారు సంస్థవాళ్లు. నలభై ఎనిమిది సీట్ల విమానంలో మొదటిరోజు ఎక్కింది పదిహేడుగురు. వాళ్లలో ఆ తల్లీ పాపా ఉన్నారు. పాప కన్ను ఒకటి పోయింది, ప్రాణం దక్కింది. ఇప్పుడు వెళ్లేది పరీక్షలకే.

“ఏరమ్మా నీ నాలుగు వేల మంది?” అని పైఅధికారి దెప్పాడు.

గంటలక్క వెనక్కి తగ్గలేదు. డ్యూటీ దిగగానే ఇంట్లో కూర్చుని, రాసుకున్న నంబర్లన్నిటికీ వరసగా ఫోన్లు చేసింది. గొంతు బొంగురుపోతే మొగుడు అందుకున్నాడు. “మా ఆవిడ చెప్పమందండీ, నేరుగా విమానం వేశారు, గంటా యాభై నిమిషాలే!”

మూడో నెలకు సీటు దొరకడం గగనమైంది. ఆ విమానం ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఎగురుతోంది.

“నువ్వూ ఒకసారి ఎక్కి చూడవే” అన్నాడు మొగుడు.

“సీటు ఖాళీ ఉన్న రోజు చూద్దాంలెండి” అంది.